తలకు హెల్మెట్ ఉంది, పాదానికి దిక్కెవరు?

మొన్న మే నెలలో ఒకనాటి సాయంకాలం పొదిలి బస్టాండు సమీపంలోని టీ దుకాణం ముందు కూర్చొని ఉన్నాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ యువకుడొకడు ఎత్తైన ఆఫ్‌రోడ్ బండి మీద వచ్చి దిగాడు. తలకు హెల్మెట్, చేతులకు తొడుగులు. కాళ్ళకు మోకాలి దాకా వచ్చే బూట్లు. వాటికి ముందువైపు గట్టి ప్లాస్టిక్ పలకలు, పక్కన నాలుగేసి బిగింపులు. నాలుగడుగులు వేయడానికే ఆయాసపడుతున్నాడు. దుకాణం ముందున్నవారికి ఆ పూటకు కావలసిన వినోదం దొరికింది. "ఏంది అబ్బయ్యా, యుద్ధానికి పోతున్నావా?" అని ఒకరు, "మిరపచేలో పాములు ఎక్కువైనయ్యేమోలే" అని మరొకరు. ఆ యువకుడు తల వంచుకొని టీ తాగి వెళ్ళిపోయాడు.

నేను నవ్వినవారి కాళ్ళ వైపు చూశాను. అది వృత్తి వలన అబ్బిన అలవాటు. ఏడుగురున్నారు. ఏడుగురికీ రబ్బరు చెప్పులే. అందులో ఐదుగురి బళ్ళు ఎదురుగానే నిలిపి ఉన్నాయి. ఒకరి కుడికాలి బొటనవేలికి గోరు లేదు. మరొకరి కుడి పిక్క లోపలివైపు సైలెన్సరు కాల్చిన పాత మచ్చ, అరచేయంత ఉన్నది. వీరు ఆ పిల్లవాడి బూట్లను చూసి నవ్వారు!

ఈ వ్యాసం ఆ నవ్వుకు సమాధానం. ముందే ఒక మాట ఒప్పుకొంటాను. ఆ యువకుడు తొడిగిన బూట్లు రోజువారీ రోడ్డు ప్రయాణానికి తగినవి కావు. కారణాలు కింద వివరిస్తాను. అయితే అతడు చేసినది మోతాదులో పొరపాటు. మనం చేస్తున్నది అసలు మందే పుచ్చుకోకపోవడం. ఈ రెండు తప్పులూ ఒకే బరువు తూగవు.

నేను అడగని ప్రశ్న

పరులను తప్పు పట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. పని చేసినన్నాళ్ళూ బండి మీద నుండి పడి వచ్చిన ప్రతి వ్యక్తినీ కొన్ని ప్రశ్నలు అడిగేవాణ్ణి. స్పృహ తప్పిందా? వాంతి అయిందా? మద్యం సేవించావా? హెల్మెట్ ఉన్నదా? ఆ సమాధానాలన్నీ కేసు కాగితంలో వ్రాసేవాణ్ణి. కాళ్ళకు ఏమి తొడుక్కున్నావని మాత్రం ఒక్కరినీ అడగలేదు. నలిగిన పాదాన్ని కడిగి, మట్టి తీసి, చచ్చిన కండను కోసి, కుట్లు వేసి పంపిన చేతులివి. ఆ పాదం నలగకుండా ఉండే ఉపాయం గురించి ఈ నోరు పలకలేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని సామెత చెప్పుకొనే జాతిలో పుట్టి, నేను కాలు కడుగుతూనే కాలం గడిపాను.

తల విషయంలో వైద్యులు అలా ఊరుకోలేదు. 1935 మే నెలలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరొందిన టి. ఇ. లారెన్స్ ఇంగ్లండులో మోటారు సైకిలు మీద నుండి పడి, తలకు తగిలిన గాయంతో కొద్ది రోజులకు మరణించాడు. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ మరణాన్ని ఆయన మరచిపోలేదు. మోటారు సైకిలు నడిపేవారి తలగాయాలను పరిశీలించి, హెల్మెట్ ఆవశ్యకతను 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. నేడు మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసిందంటే, ఆ ఆలోచనకు మూలం ఒక వైద్యుడు తన రోగి మరణాన్ని ప్రశ్నగా మార్చుకోవడమే. పాదానికి అటువంటి వైద్యుడు మన ప్రాంతంలో ఇంకా దొరకలేదు. నేను కాగలిగి ఉండేవాణ్ణి, కాలేదు.

ఇందుకు ఒక కారణం ఉన్నది. మన లెక్కలన్నీ మరణాల లెక్కలు. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలవారు. ఈ అంకెలు భయంకరమైనవి, హెల్మెట్‌కే మొదటి స్థానం ఇవ్వవలసినవి. అందులో సందేహం లేదు. కాని పాదం పోయినవాడు మరణించడు కనుక మన మనసులో మెదలడు. అతడు ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. మిరప కోతకు పోలేడు, పత్తి తీయలేడు, మందు పంపు వీపుకెత్తుకొని సాళ్ళ మధ్య నడవలేడు. కౌలు మాత్రం కట్టవలసిందే. శస్త్రచికిత్స ఖర్చును ఆరోగ్యశ్రీ వంటి పథకం భరించవచ్చు. పోయిన రెండు పంటల కాలాన్ని ఎవరు భరిస్తారు?

పాదం ఎందుకంత సులభంగా పాడవుతుంది?

మానవ శరీరంలో 206 ఎముకలున్నాయి. అందులో 52, అంటే నాలుగవ వంతు, రెండు పాదాలలోనే ఉన్నాయి. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు. ఇంత సూక్ష్మమైన అమరికను కాపాడటానికి ప్రకృతి పైవైపు ఇచ్చిన కప్పు చాలా పలుచనిది. తొడ ఎముక చుట్టూ దళసరి కండ ఉంటుంది. పాదం పైభాగాన చర్మం, దాని కింద నరాలు, వెంటనే ఎముక. మోకాలి కింది పెద్ద ఎముక ముందువైపు కూడా అంతే. వేలితో నొక్కితే ఎముక తగులుతుంది. అందుచేత ఈ ప్రాంతంలో దెబ్బ తగిలితే ఎముక విరగడంతో ఆగదు, చర్మం చీలి ఎముక బయటపడుతుంది.

బయటపడిన ఎముకకు రోడ్డు మీది మట్టి అంటుతుంది. బయటపడిన విరుగుళ్ళను తీవ్రతను బట్టి తరగతులుగా విభజించే పద్ధతిని గస్టిలో, ఆండర్సన్ అనే అమెరికా వైద్యులు 1976లో ప్రకటించారు. నేటికీ వైద్యులు అదే వాడుతున్నారు. అందులో మూడవది అన్నిటికంటె తీవ్రమైన తరగతి. పొలపు మట్టితో బాగా కలుషితమైన గాయం చిన్నదిగా కనిపించినా దానిని మూడవ తరగతిలోనే చేర్చుతారు. మన దారులు ఎటువంటివి? పేడ, ఎరువు, చేలలో నుండి ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చిన నల్లమట్టి, అన్నీ అక్కడే. అందులో రాసుకొన్న పాదానికి ధనుర్వాతం భయం, ఎముకలో చీము పట్టే భయం, ఒక్కొక్కప్పుడు కాలు తీసివేయవలసి వచ్చే భయం.

పైగా మోకాలి కింద మూడవ వంతు భాగంలో, చీలమండ దగ్గర, రక్తప్రసారం తక్కువ. గాయం మానడం ఆలస్యం. ఎముకను కప్పడానికి పక్కన కండ ఉండదు కనుక శరీరంలో వేరొక చోటి నుండి తెచ్చి అతకాలి. దానికి ప్లాస్టిక్ సర్జన్ కావాలి. పొదిలి నుండి ఒంగోలుకు, అక్కడా కాకపోతే గుంటూరుకు పోవాలి. ఇక మడమ కింది మెత్త సంగతి. శరీరపు బరువంతా మోయడానికి ప్రత్యేకంగా అమరిన కొవ్వు అరల దిండు అది. అది ఊడిపోతే అటువంటిది శరీరంలో మరెక్కడా లేదు. అతికించిన చర్మం మడమ కాలేదు.

మరొక గాయం గురించి కూడా చెప్పాలి. పాదం మధ్యభాగంలో ముందరి ఎముకలు వెనుకటి ఎముకలతో కలిసే చోటును లిస్‌ఫ్రాంక్ కీలు అంటారు. లిస్‌ఫ్రాంక్ నెపోలియన్ కాలపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు. గుర్రం మీది నుండి పడిన రౌతు పాదం రికాబులో ఇరుక్కొని మెలి తిరిగితే ఈ కీలు విడిపోయేది. గుర్రాలు పోయాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, రికాబు స్థానంలో గేరు రాడ్డు, ఫుట్‌రెస్ట్ వచ్చాయి. పాదం మాత్రం అదే పాదం. ఈ గాయాన్ని బెణుకు అనుకొని కట్టు కట్టించుకొని ఊరుకొన్నవారు జీవితాంతం కుంటుతారు.

మన దారిలో ఏమి జరుగుతుంది?

ప్రమాదమంటే లారీ ఢీకొనడమే అని చాలామంది భావన. పాదాన్ని పోగొట్టే ప్రమాదాలలో ఎక్కువ భాగం అంత గొప్పవి కావు. మలుపులో కంకర మీద ముందు చక్రం జారుతుంది. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు మీద చిన్న రాళ్ళకు కొదవ లేదు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్కన కంకులో, కందులో ఆరబోసి, చుట్టూ బండరాళ్ళు పేర్చి ఉంటాయి. చీకటిలో వెనుక దీపం లేని పత్తి ట్రాక్టరు. ఎదురుగా ఒక కుక్క. బండి పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన క్షణంలో మనిషి ఆలోచించకుండానే కాలు కింద పెడతాడు. నూరు కిలోలు దాటిన బండి, దాని మీద మనిషి, వెనుక భార్య, మధ్యలో పిల్లవాడు, ఈ బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. అప్పుడు ఆ పాదానికి ఉన్నదేమిటి? రెండు రబ్బరు పట్టీలు. అవి మొదటి తాకిడికే ఊడి పది గజాల దూరాన పడతాయి. ప్రమాదం జరిగిన చోట మనం మొదట చూసేది తెగిపడిన చెప్పునే కదా!

చెప్పు ప్రమాదం తరువాత పనికిరాకపోవడమే కాదు, కొన్నిసార్లు ప్రమాదానికి కారణమే అవుతుంది. వర్షంలో తడిసిన రబ్బరు కాలి బ్రేకు మీద జారుతుంది. వదులుగా ఉన్న చెప్పు అంచు బ్రేకు కింద మడత పడుతుంది. జారిన చెప్పును కాలివేళ్ళతో వెదుకుతూ చూపు రోడ్డు మీది నుండి తప్పుతుంది.

పసిపిల్లల గాయం మరింత బాధాకరం. బండి వెనుక కూర్చున్న ఆరేళ్ళ బిడ్డ కాలు ఫుట్‌రెస్ట్‌కు అందదు. నిద్రమత్తులో కాలు చక్రంలోకి పోతుంది. చక్రపు చువ్వలు మడమ వెనుక చర్మాన్ని, ఒక్కొక్కప్పుడు పిక్క నుండి మడమకు దిగే పెద్ద నరాన్ని కూడా ఒలిచివేస్తాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమం ప్రకారం వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలి. మనం శారీ గార్డు అంటాం. బట్టల కోసం పెట్టిన ఆ కమ్మీ పసివాడి కాలిని కూడా కొంత కాపాడుతుంది. కొత్త బండి కొన్న మరునాడే అందానికి అడ్డమని దానిని ఊడదీయించే తండ్రులు మనలో ఎందరో! బిడ్డకు కొత్త బట్టలు కొంటారు. చీలమండను కప్పే బూట్లు బడికి మాత్రమే అనుకొంటారు. బడికి పోయేటప్పుడు గట్టిగా ఉన్న రోడ్డు పెళ్ళికి పోయేటప్పుడు మెత్తబడుతుందా?

చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా

చక్కెర వ్యాధి ఏళ్ళ తరబడి ఉన్నవారిలో చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గిపోతుంది. అది వారికి తెలియదు, ఎందుకంటే తెలియజెప్పవలసిన నరమే చెడిపోయింది. సైలెన్సరు కాలుస్తుంటే వెంటనే కాలు తీసే శక్తి నొప్పిది. నొప్పి లేనివాడు కాలు తీయడు. ఒక పెద్దాయన ఎడమ కాలి నుండి చెప్పు జారిపోయిన సంగతి తెలియక ఊరి నుండి ఊరికి బండి నడుపుకొంటూ వచ్చాడు. గేరు రాడ్డుకు ఒరుసుకొని బొటనవేలి పైచర్మం పూర్తిగా పోయింది. ఇంటికి వచ్చాక నేల మీద నెత్తురు చూసి భార్య అరిస్తే గాని ఆయనకు తెలియలేదు. ఆ చిన్న పుండు వేలును తీసుకొనిపోయింది. చక్కెర ఉన్నవారు రబ్బరు చెప్పులతో బండి ఎక్కరాదు. ఇది నా అభిప్రాయం కాదు, వైద్యునిగా నా ఆజ్ఞ అనుకోండి.

ఇక ఆ పిల్లవాడి బూట్ల సంగతి

రాళ్ళలో, గుట్టలలో, బురదలో పరుగెత్తే పందేల కోసం ఆ బూట్లు పుట్టాయి. హిమాలయన్, ఎక్స్‌పల్స్ వంటి బళ్ళు ఈ పదేళ్ళలో చిన్న పట్టణాలకు కూడా చేరాయి. వాటి వెంట ఈ బూట్లూ వచ్చాయి. వాటిలోని గుణం కాదనలేనిది. చీలమండ మెలి తిరగకుండా, ఎగిరే రాయి ఎముకకు తగలకుండా, బండి మీద పడినా పాదం నలగకుండా కాపాడటానికి అంత గట్టి కవచం మరొకటి లేదు.

అయితే పందెగాడు ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి నడుపుతాడు. మనం కూర్చొని నడుపుతాం. పందెగాడు అరగంట తరువాత బూట్లు విప్పేస్తాడు. మనం ఒంగోలు దాకా పోయి, బ్యాంకులో వరుసలో నిలబడి, మెట్లెక్కి దిగి, తిరిగి రావాలి. చీలమండ సులభంగా వంగని బూటుతో కాలి బ్రేకును ఎంత నొక్కామో సరిగా తెలియదు. ముందరి భాగం దళసరిగా ఉండటం వలన గేరు రాడ్డు కిందికి పాదం దూరదు. మన మామూలు బళ్ళకు ముందు, వెనుక రెండు తొక్కుళ్ళున్న గేరు రాడ్డు ఉంటుంది కనుక ఆ ఇబ్బంది మరింత. చాలా జతలకు అట్ట చదునుగా, గాళ్ళు తక్కువగా ఉంటుంది. పెట్రోలు బంకులోని నూనె మరకల మీద, తడి బండల మీద కాలు పెడితే జారుతుంది. జత బరువు మూడు నాలుగు కిలోలుంటుంది. మే నెల ఎండలో లోపల చెమట పట్టి బొబ్బలు, వేళ్ళ మధ్య పాయడం, తామర. ఇంకొక సూక్ష్మం ఉన్నది. గట్టి బూటు ఆపిన బలం మాయమైపోదు, ఒక్కొక్కప్పుడు బూటు పై అంచు దగ్గర ఎముకను విరుస్తుంది. మంచు మీద జారే స్కీ ఆటగాళ్ళలో ఈ విరుగుడు వైద్యులకు చిరపరిచితం.

కాబట్టి అబ్బాయీ, నువ్వు ఈ వ్యాసం చదువుతున్నట్లయితే, ఆ బూట్లు గుట్టలకు పోయిన నాటికి దాచుకో. రోజూ వాడటానికి వేరే జత కొనుక్కో. కాని చెప్పులలోకి మాత్రం దిగకు. నిన్ను చూసి నవ్వినవారికంటె నీకే తెలివి ఎక్కువ.

ఏది తగినది?

2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు మోటారు సైకిలు ప్రమాదానికి గురైన 212 మందిని పరిశీలించి, వారు ధరించిన దుస్తులకూ తగిలిన గాయాలకూ గల సంబంధాన్ని ప్రచురించారు. అందులో మనకు పనికివచ్చే విషయం ఒకటున్నది. మోటారు సైకిలు కోసం ప్రత్యేకంగా చేయని సాధారణ బూట్లు తొడిగినవారిలో కూడా, మామూలు షూలు వేసుకొన్నవారితో పోలిస్తే, గాయపడే అవకాశం సగానికంటె తక్కువగా కనిపించింది. గమనించండి, ఆ పోలిక షూలతో. చెప్పులతో కాదు! ఒక్క పరిశోధనతో అన్నీ తేలిపోవు. కాని శరీర నిర్మాణం తెలిసినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

కనుక కావలసినవి పందెపు బూట్లు కావు. ఈ లక్షణాలున్న బూట్లు చాలు:

చీలమండ రెండు వైపుల గుబ్బలనూ పూర్తిగా కప్పాలి. పైభాగం తోలుతో గాని, గట్టి బట్టతో గాని చేసినదై ఉండాలి. చేతులతో మెలిపెట్టితే అట్ట గుడ్డపీలికలా మెలి తిరగకూడదు. మడమ కింద చిన్న మెట్టు ఉంటే ఫుట్‌రెస్ట్ మీద పాదం నిలుస్తుంది. అట్టకు గాళ్ళుండాలి. లేసులు ఉంటే వాటి కొసలు లోపలికి దోపుకోవాలి, లేకపోతే గేరు రాడ్డుకు చిక్కుతాయి. పాదం బూటులో ఉండగా గేరు రాడ్డు కిందికి దూరుతున్నదో లేదో కొనే ముందు బండి మీద కూర్చొని చూసుకోవాలి.

ఐరోపాలో మోటారు సైకిలు బూట్లకు ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉన్నది. రోడ్డు మీద రాసుకొన్నా చిరగకుండా ఉండటం, అట్ట అడ్డంగా నలగకుండా ఉండటం వంటివి పరీక్షిస్తారు. కొనగలిగినవారు ఆ ముద్ర చూసి కొనండి. కొనలేనివారికి కర్మాగారాలలో, గ్రానైటు పనులలో వాడే సేఫ్టీ బూట్లున్నాయి. చీలమండ దాకా వచ్చేవి తీసుకోండి. వాటికి ఐఎస్ 15298 అనే భారతీయ ప్రమాణం ఉన్నది. వెయ్యి, పదిహేను వందల రూపాయలకు దొరుకుతాయి. ఇరవై వేల ఫోనుకు అద్దం పగలకుండా పైన మరొక అద్దం అతికించుకొనే మనకు ఇది భారమా?

కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు వచ్చే సమాధానాలు ఇవి.

"మన ఎండలకు బూట్లా, డాక్టరుగారూ?" ఎండ నిజమే. నూలు మేజోళ్ళు తొడగండి, రోజూ మార్చండి, బూట్లను రాత్రి గాలికి ఆరబెట్టండి. చేరిన వెంటనే విప్పి చెప్పులు వేసుకోండి. చెప్పులు బండి పెట్టెలో పెట్టుకొని పోవచ్చు. అదే ఎండలో పోలీసులు బూట్లు తొడుగుతున్నారు, గ్రానైటు కూలీలు తొడుగుతున్నారు.

"గుడికి, ఇంటికి, చుట్టాలింటికి పోయినచోటల్లా విప్పాలి కదా." ఇది న్యాయమైన ఇబ్బంది. గడప దగ్గర విప్పడం మన మర్యాద. పక్కన జిప్పు ఉన్న బూట్లు తీసుకోండి, అర నిమిషం పని. అర నిమిషం ఓపిక లేనివారు ఆరు నెలలు మంచం మీద ఉండటానికి ఓపిక తెచ్చుకోవాలి.

"ఊళ్ళోకే కదా, పాలకేంద్రం దాకానే కదా." బండి బరువు ఊళ్ళో తగ్గదు.

"చట్టంలో లేదు కదా." నిజమే, లేదు. 2019 సెప్టెంబరులో, సవరించిన మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చిన కొత్తలో, చెప్పులతో బండి నడిపితే జరిమానా వేస్తారని పుకారు పుట్టింది. అటువంటి నిబంధన ఏదీ లేదని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయమే ప్రకటించింది. జనం ఊపిరి పీల్చుకొన్నారు. జరిమానా లేదని తెలిసి సంతోషించారు గాని, ప్రమాదం లేదని ఎవరూ చెప్పలేదన్న సంగతి గమనించలేదు. పేదవాడి చెప్పుకు జరిమానా వేయమని నేనూ అడగను. ఎముకకు చట్టంతో పని లేదు.

చివరి సమాధానాన్ని ఎవరూ పైకి అనరు. "నలుగురూ నవ్వుతారు." అసలు వ్యాధి ఇదే. ఈ నవ్వుకు వేళ్ళు చాలా లోతున ఉన్నాయి. చెప్పు కుట్టినవారిని ఊరి చివర ఉంచిన సమాజం మనది. కొన్ని కులాలవారు తమ వీధిలో చెప్పులు విప్పి చేత పట్టుకొని నడవాలని శాసించిన సమాజం మనది. కాలిని ఎవరు కప్పుకోవాలి, ఎంత కప్పుకోవాలి అన్నది మన ఊళ్ళలో ఏనాడూ ఆరోగ్యపు ప్రశ్నగా లేదు, అంతస్తు ప్రశ్నగానే ఉండిపోయింది. ఆ కాలం గతించిందని అనుకొంటాం. ఒక కుర్రవాడు కాలిని నిండుగా కప్పుకొని వస్తే "ఇంత అవసరమా వీడికి" అన్న చూపులో దాని నీడ నాకు కనిపిస్తూనే ఉన్నది.

దెబ్బ తగిలితే

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. కాఫీపొడి, పసుపు, పెట్రోలు, పేస్టు పూయవద్దు. కాలితే ఇరవై నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఉంచండి. ఎముక బయటికి కనిపిస్తే లోపలికి తోయవద్దు, తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండా కట్టి, 108కు ఫోను చేయండి. వేలు తెగిపడితే తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచుగడ్డల మధ్య పెట్టి తీసుకొనిపోండి. వేలికి మంచు నేరుగా తగలకూడదు. ధనుర్వాతం సూది సంగతి వైద్యుణ్ణి అడగండి. పాదం మధ్యలో వాచి, అరికాలిలో నెత్తురు కమిలినట్లు కనబడితే బెణుకని ఊరుకోక ఎక్స్‌రే తీయించండి.

ఎవరేమి చేయాలి?

వైద్యమిత్రులారా, కేసు కాగితంలో హెల్మెట్ పక్కన మరొక గడి గీయండి. కాళ్ళకు ఏమున్నది? పదేళ్ళపాటు ఆ గడి నింపితే మన ప్రాంతానికి మన లెక్క మనకు దొరుకుతుంది. బండి మీద మనుషులను తిప్పి పని చేయించుకొనే యజమానులారా, టోపీ, చొక్కా మీ పేరుతో ఇస్తున్నారు, ఒక జత బూట్లు కూడా ఇవ్వండి. బండి అమ్మే దుకాణదారులారా, కొనుగోలుదారు అడిగినా శారీ గార్డు ఊడదీయవద్దు. తల్లిదండ్రులారా, బిడ్డ మడమ చక్రానికి ఎంత దూరంలో ఉందో ఈ రోజే చూడండి.

టీ దుకాణం ముందు నవ్విన ఏడుగురూ నాకు తెలిసినవారే. వారిలో కొందరికి నేను కట్లు కట్టాను. ఈసారి ఆ పిల్లవాడు వచ్చినప్పుడు నవ్వండి, అభ్యంతరం లేదు. నవ్విన తరువాత ఒక్కసారి తల వంచి మీ కాళ్ళు చూసుకోండి.